వరసలో ఆఖరి మనిషి

మా ఆయనకి వరస కనబడితే చాలు, అది తనది కాదన్న సంగతి గుర్తుండదు. బ్యాంకులో, ఆసుపత్రిలో, పెళ్ళి భోజనాల దగ్గర, ఎక్కడైనా సరే నలుగురు ఒకరి వెనక ఒకరు నిలబడితే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఆ వరస పొడుగునా నడుస్తారు. ముందునించి చివరికి వెళ్ళి, మళ్ళీ చివరినించి ముందుకి వస్తారు. తరవాత ఒక్కొక్కరినీ ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు. నేను ఆయన సంచీ, నా సంచీ పట్టుకుని ఎండలో నిలబడి ఉంటాను. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే నా కాపురం.

పేరు బసవపున్నయ్య. ఉయ్యూరు వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్ళు కేన్ యార్డు సూపర్‌వైజరుగా చేసి మొన్న జనవరి ఆఖరున రిటైరయ్యారు. కేన్ యార్డంటే చెరుకు బళ్ళు తూకానికి వెళ్ళేముందు వరసగా ఆగే మైదానం. ఒకప్పుడు ఎడ్లబళ్ళు ఆగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు. చెరుకు నరికిన గంటనించీ ఎండడం మొదలుపెడుతుంది. ఆలస్యమైన కొద్దీ బరువు తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది, రైతు నష్టపోతాడు. అందుకని ఈయన గేట్లో ఇచ్చిన టోకెను ఒక్కటే చూసి ఊరుకునేవారు కాదు. ప్రతి ట్రాక్టరు దగ్గరికీ నడిచి వెళ్ళి "ఎప్పుడు నరికారు?" అని అడిగేవారు. ఎవరన్నా అబద్ధమాడితే గడ విరిచి, కొస చూసి, వాసన చూసి, మొహం మీదే చెప్పేసేవారు. ముందు నరికిన చెరుకు ముందు వెళ్ళాలి, అంతే. మంచి పద్ధతే. దాన్ని ఫ్యాక్టరీ గేటు దాటించి బయటికి తీసుకురాకుండా ఉంటే నేను కూడా దణ్ణం పెట్టేదాన్ని.

ఆ పద్ధతికి బలైన వాళ్ళలో మొదటివాడు మా అన్నయ్య. నిన్ననే నరికించానని చెప్పి బావమరిది దగ్గర చనువు చూపించబోయాడు. ఈయన గడ విరిచి చూసి, "ఇది ఇవాళ పొద్దుటిది బావా, వెనక్కి పెట్టించు" అని యార్డంతా వినేలా అన్నారు. అన్నయ్య రెండేళ్ళు మా గడప తొక్కలేదు. ఆ తరవాత మా చెల్లెలి కూతురు సాయిశ్రీ పెళ్ళి. భోజనాల హాలు గుమ్మంలో నిలబడి, ఎక్కడనించి వచ్చారు, ఎన్నింటికి బయలుదేరారు అని వచ్చినవాళ్ళందరినీ అడిగి, హనుమాన్ జంక్షన్‌లో తెల్లారకుండానే బస్సెక్కినవాళ్ళని మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, పక్క వీధిలోనే విడిది ఉన్న మగపెళ్ళివారిని ఆపేశారు. సాక్షాత్తూ మగపెళ్ళివారిని. ఆ రోజు పెళ్ళికూతురి తండ్రి, మా మరిది, మగపెళ్ళివారి చేతులు పట్టుకుని బతిమాలుకోబట్టి పరువు దక్కింది. ఆఖరి పంక్తిలో ఈయనా నేనూ కూర్చునేసరికి పెరుగు తప్ప ఏమీ మిగల్లేదు. ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

నేను ఈయన్ని జీవితంలో అడిగింది ఒక్కటే. పెళ్ళయిన ఏడాది ఉగాదికి, బెజవాడ తీసుకెళ్ళి కృష్ణలో పడవెక్కించమన్నాను. పని మీద కాకుండా, చుట్టాలింట్లో శుభకార్యానికి కాకుండా, ఊరికే సరదాగా. వేపపూత రాలే రోజుల్లో, ఎండలు ఇంకా ముదరకుండా, ఇద్దరం పక్కపక్కన కూర్చుని నీళ్ళ మీద వెళ్ళాలని నా కోరిక. "సీజను అయిపోనీ పార్వతీ" అన్నారు. చెరుకు సీజను చలికాలంలో మొదలై మార్చి దాటేదాకా సాగుతుంది. మామిడి పూత, మల్లెలు, కోయిల అన్నీ ఆ లోపలే వచ్చి పోతాయి. సీజను అయ్యేసరికి బయట కాలు పెట్టలేని ఎండలు. మళ్ళీ ఏడాది మళ్ళీ అదే మాట. ఉయ్యూరు నించి బెజవాడ బస్సులో గంట. ఆసుపత్రికనీ, పెళ్ళిబట్టలకనీ వందసార్లు వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చాం. సరదాగా వెళ్ళడానికి మాత్రం ముప్పై నాలుగేళ్ళు పట్టింది.

రిటైరయ్యారు కాబట్టి ఈ ఏడు వంక చెప్పడానికి ఏమీ లేకపోయింది. ఉగాది ముందురోజు బయలుదేరి భవానీపురంలో సాయిశ్రీ వాళ్ళ ఫ్లాటుకి వచ్చాం. అక్కణ్ణించి పడవలు బయలుదేరే పున్నమి ఘాటు ఆటోలో పది నిమిషాలు. సాయిశ్రీ, వాళ్ళాయనా ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్ళు, కాబట్టి మా తిరుగుళ్ళు మావే. బెజవాడలో వసంతమంటే ఎండాకాలం ఇచ్చే బయానా అని తెలుసు. అయినా పొద్దున్నా సాయంత్రం కొండ మీదనించి గాలి బాగానే వస్తోంది, సందుల్లో మల్లెపూల బుట్టలు దిగాయి, నాకు చిన్నపిల్లలాగా సంబరంగా ఉంది.

ఉగాదినాడు పచ్చడి నాలిక మీద పెట్టుకుని అమ్మవారి కొండకి వెళ్ళాం. వసంత నవరాత్రులు మొదలు, అమ్మవారికి పూలతో అర్చన చేస్తారు, అది కళ్ళారా చూడాలని వెళ్ళాం. వరస చాలా పొడుగుంది. ఈయన చేతులు వెనక్కి వెళ్ళడం చూశాను. "మీరెప్పుడు బయలుదేరారండీ?" అని మొదలుపెట్టారు. మా వెనక నిలబడినవాళ్ళు నూజివీడు నించి అట. వాళ్ళు ముందుకి. వాళ్ళ వెనకవాళ్ళు ఇంకా దూరం. వాళ్ళూ ముందుకి. మేం పక్కనే భవానీపురం నించి వచ్చినవాళ్ళం, ఈయన లెక్కలో అప్పుడే నరికిన చెరుకు. మేం లోపలికి వెళ్ళేసరికి అర్చన అయిపోయి పూలు బుట్టల్లోకి ఎత్తుతున్నారు. నాకు ఒక చామంతి దక్కింది. తన చోటు ఇచ్చుకుంటే ఇచ్చుకోవచ్చు, నా చోటు కూడా కలిపి ఇచ్చేయడమేమిటి? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

మర్నాడు సాయంత్రం ఘాటుకి వెళ్ళాం. నదిలో భవానీ ద్వీపం దాకా పడవలో తీసుకెళ్ళి మళ్ళీ తీసుకొస్తారు. టికెట్లు తీసుకున్నాం. పడవ రావడానికి అరగంట ఉంది. ఆ అరగంటలో ఈయన వరసనంతా తిరగేశారు. వింతేమిటంటే జనం ఈయన మాట వింటారు. గొంతులో ఏముందో తెలియదు, గద్దింపు ఉండదు, బతిమాలుడూ ఉండదు. పడవవాళ్ళు ఈయన్ని ఎవరో ఆఫీసరు అనుకుని కుర్చీ తెచ్చి వేశారు. వేస్తే ఈయన కూర్చోలేదు. ఆ రోజు ఆఖరి పడవ మమ్మల్ని గట్టుమీద వదిలేసి వెళ్ళిపోయింది. తిరిగి వస్తూ దాహమేసి చెరుకురసం బండి దగ్గర ఆగితే, ఈయన బండామె దగ్గర గడ తీసుకుని విరిచి చూసి, ఇది నరికి మూడు రోజులైందని తాగుతున్నవాళ్ళందరికీ చెప్పారు. ఆమె మా ఇద్దరి వంకా ఒక చూపు చూసింది. నేను దాహంతోనే ఆటో ఎక్కాను.

ఆ సాయంత్రమే యేసుబాబు ఫోను. ఈయన చోట్లో యార్డుకి వచ్చిన కొత్త సూపర్‌వైజరు అతను. సీజను ఇంకా పది రోజులుందట, యార్డు తన అదుపులో లేదట, రైతులు కొట్లాడుకుంటున్నారట, సారు ఒక్క పది రోజులు వచ్చి నిలబడితే చాలట. ఈయన నా వైపు చూడను కూడా చూడకుండా, ఎల్లుండి పొద్దున్నకల్లా యార్డులో ఉంటానని మాట ఇచ్చేశారు. అంటే మాకు మిగిలింది ఒక్క రోజు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా తమాయించుకుని, సాయిశ్రీ ఎదురుగానే, విడమరిచి చెప్పాను.

"రేపు వరస జోలికి వెళ్ళకండి. నాకు మీ పక్కన కూర్చుని పడవలో వెళ్ళాలని ఉంది. అంతకంటే నాకేమీ అక్కర్లేదు."

"సరేలే" అన్నారు. అంత తేలిగ్గా సరే అన్నందుకే నాకు అనుమానం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి పన్నెండున్నరకే బయలుదేరాం. ఎండ చురుక్కుమంటున్నా ఘాటు నిండా జనం. పిల్లలు, టోపీలు, ఫోటోలు. టికెట్లు తీసుకుని వరసలో నిలబడ్డాం. నేను ఈయన చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు ఈయన కదల్లేదు. నది వంక చూశారు, కొండ వంక చూశారు, చెప్పుల వంక చూసుకున్నారు. పాపం ప్రయత్నం చేశారు, అది కూడా చెప్పాలి. మా ముందు ఇంకో ఏడెనిమిది మందే ఉన్నారు, వచ్చే పడవలో మాకు చోటు ఖాయం. అప్పుడు మా వెనకాల ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడుపు ఎత్తుకుంది.

ఈయన వెనక్కి తిరిగారు. చాలా వెనకాల ఒక పెద్దావిడ, కూతుళ్ళు, మనవలు కలిసి ఆరేడుగురు నిలబడి ఉన్నారు. ఆవిడ పేరు నాంచారమ్మ అని తరవాత తెలిసింది. కొల్లేరు పక్క ఊరు, చేపల వ్యాపారం. అమ్మవారి దర్శనం చేసుకుని, పిల్లలకి పడవ చూపిద్దామని వచ్చారు. నా చేతిలోంచి చొక్కా చెయ్యి ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. చూసేసరికి ఈయన వాళ్ళ దగ్గర నిలబడి అడుగుతున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి వ్యాను ఎక్కామంది ఆవిడ. ఇంకేముంది. వాళ్ళు ముందుకి. వాళ్ళ వెనక గన్నవరం వాళ్ళు తొమ్మిదింటికి బయలుదేరారట, వాళ్ళూ ముందుకి. అలా ఒక్కొక్కరే నా పక్కనుంచి దాటి వెళ్ళారు, కొందరు థాంక్సండీ ఆంటీ అని కూడా అన్నారు. నేను ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ పోయాను.

పడవ వచ్చింది. ఎక్కుతున్నారు. పడవవాడు చివరికి చెయ్యెత్తి, ఇంకొక్కరికే చోటుందన్నాడు. ఈయన మా వెనకాలవాళ్ళని కనుక్కోవడానికి బయలుదేరారు. అక్కడికి నాకు తల ప్రాణం తోకకి వచ్చింది.

"ఏమండీ" అన్నాను. గట్టిగానే అన్నాను, అందరూ తిరిగారు. "అందరినీ అడిగారు. నన్నడగరేం?"

"నిన్ను అడిగేదేముంది, నాతోపాటే వచ్చావుగా."

"అడగండి."

ఆయన నా మొహం చూశారు. ఏమనుకున్నారో, యార్డులో అడిగినట్టే, మర్యాదగా, కాస్త వంగి అడిగారు. "ఎప్పుడు బయలుదేరావు?"

"పెళ్ళయిన ఏడాది ఉగాదికి."

పడవలో వాళ్ళకీ గట్టుమీద వాళ్ళకీ వినబడింది. ఈయన కళ్ళు చిట్లించి ఆలోచించారు. యార్డులో గడ విరిచి చూసేటప్పుడు ఇలాగే నిలబడేవారని విన్నాను. అర్థమైంది ఈ మనిషికి, ఇన్నాళ్ళకి అర్థమైంది అనుకున్నాను. నా కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఈయన పడవవాడి వైపు తిరిగి చెయ్యెత్తారు.

"ఈవిణ్ణి ఎక్కించుకోండి. ఈవిడకంటే ముందు బయలుదేరినవాళ్ళు ఈ వరసలో లేరు."

ఒక్కరికే చోటున్న పడవలోకి నన్ను ఒక్కదాన్నీ పంపేశారు. నా చేతిలో సంచులు రెండూ తీసుకుని, లైఫ్ జాకెట్టు తనే తొడిగి, బెల్టులు లాగి చూసి మరీ పంపారు. నాంచారమ్మ లేచి నిలబడింది. తను పుట్టింది నీళ్ళ మీదే అనీ, పడవ తనకి కొత్తేమీ కాదనీ, తను దిగిపోతాననీ, ఆయన్ని ఎక్కమనీ అంది. ఇంకెవరైనా అయితే ఒప్పుకునేవారు. ఈయన చేతులు జోడించి, "మీరు నాలుగింటికి బయలుదేరారమ్మా, నేను పన్నెండున్నరకి" అన్నారు. పడవ కదిలింది.

నేను నాంచారమ్మ పక్కన కూర్చుని కాసేపు ఏడ్చాను. కోపంతో వచ్చిన ఏడుపది. ముప్పై నాలుగేళ్ళు నా నోరు నేను మూసుకుని, ఒక్కసారి నోరు తెరిచి అడిగితే, అందులోంచి కూడా ఒక టోకెను నంబరు తీసి నా చేతిలో పెట్టారు. గట్టు దూరమవుతుంటే చూశాను. ఆయన సంచులు భుజానికి తగిలించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, మిగిలిన వరస పొడుగునా నడుస్తున్నారు.

"మీ ఆయన మంచోడమ్మా" అంది నాంచారమ్మ.

"తీసుకెళ్ళండి" అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. చేపల రేవులో తూకం దగ్గర ఇలాంటివాడు ఒక్కడుంటే తనకి రోజూ ఈ కొట్లాటలు ఉండేవి కావంది. అయినా ఇంటికి మాత్రం వద్దంది. దాంతో నాకూ నవ్వొచ్చింది.

ద్వీపంలో మేం గొప్పగా చేసిందేమీ లేదు. పిల్లలు ఉయ్యాలలు ఊగారు. నాంచారమ్మ కొంగున కట్టుకొచ్చిన ఉప్పూకారం తీసింది, పచ్చిమామిడి ముక్కలు కొనుక్కుని నంచుకు తిన్నాం. చెట్టు నీడలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. గాలి నీళ్ళ మీదనుంచి వస్తోంది. ఎక్కడో కోయిల అరుస్తుంటే పిల్లలు దాన్ని వెక్కిరిస్తున్నారు. ఎవరికీ వడ్డించక్కర్లేదు, ఎవరి సంచీ మొయ్యక్కర్లేదు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకు చాలా బాగుంది. ఆయన లేరని బాధపడుతూనే, ఉంటే ఈపాటికి ఉయ్యాల దగ్గర పిల్లల్ని వరస కట్టించేవారని కూడా అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి కౌంటరు మూసేశారు. ఘాటు మెట్లమీద ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు, రెండు సంచులూ ఒళ్ళో పెట్టుకుని. ఆఖరి పడవలో చోటు దొరికిందట, తిరువూరు నించి వచ్చిన ఒక ముసలాయనకి ఇచ్చేశారట. వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాంచారమ్మ వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన అడిగారు.

"అక్కడ ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదు."

"ఇంతసేపూనా?"

వేళాకోళం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. కాసేపు నీళ్ళవంక చూసి, తల దించుకుని అన్నారు. "ఎక్కి కూర్చుంటే ఏం చెయ్యాలో నాకు తోచదు పార్వతీ. కిందుంటే పనుంటుంది."

ఆ మాట విన్నాక తిట్టడానికి నాకు నోరు రాలేదు. వరసలో ఆఖరున నిలబడడం ఈయన త్యాగమని లోకం అనుకుంటుంది, నా మీద నిర్లక్ష్యమని నేను అనుకున్నాను. తన వంతు వస్తే ఏం చేసుకోవాలో తెలియక నిలబడిన మనిషి అని ఇద్దరికీ తట్టలేదు. జాలేసింది. జాలితోపాటు ఒక నిర్ణయం కూడా వచ్చేసింది. ఇంటికెళ్ళి, నేను ఇంకో నాలుగు రోజులుంటానని సాయిశ్రీకి చెప్పాను. "నేనొక్కణ్ణే వెళ్ళాలా?" అన్నారు ఈయన. అవునన్నాను. పెళ్ళయ్యాక ఆయన మాట కాదని నేను ఒక ఊళ్ళో ఆగిపోవడం అదే మొదలు.

పొద్దున్నే ఉయ్యూరు బస్సెక్కి ఆయన తిన్నగా యార్డుకి వెళ్ళిపోయారు. నేను మొదటి పడవ వేళకి ఘాటుకి వెళ్ళాను. జనం పలచగా ఉన్నారు. కౌంటరులో అమ్మాయి ఎంతమందండీ అని అడిగితే, ఒక్కదాన్నే అన్నాను. చెప్పేముందు కొంచెం తడబడ్డాను, చెప్పాక బాగానే ఉంది. కిటికీవైపు సీటు దొరికింది.

పడవ నది మధ్యకి వచ్చాక ఫోను మోగింది. ఆయనే. వెనకాల ట్రాక్టర్ల రొద.

"గొడుగు ఎక్కడ పెట్టావు?"

"ఇంట్లో, తలుపు వెనకాల." నాకు చిరాకేసింది. ఇక్కడ కూడా గొడుగేనా అనుకున్నాను.

"ఎక్కడున్నావు?"

"పడవలో."

"ఏం చేస్తున్నావు?"

"ఏమీ చెయ్యడం లేదు."

పెట్టేస్తారనుకున్నాను. మామూలుగా పని చెప్పగానే పెట్టేసే మనిషి. అటు హారన్లు మొదలయ్యాయి, ఒకదాని వెనక ఒకటి. సార్, సార్ అని యేసుబాబు పిలుస్తున్నాడు.

"ఏం కనబడుతోంది?" అన్నారు.

చెప్పాను. అవతల బ్యారేజీ కనబడుతోందన్నాను. నీళ్ళు పచ్చగా ఉన్నాయన్నాను. ఒకడు తెప్ప మీద కూర్చుని వల సరిచేసుకుంటున్నాడు, అతని చుట్టూ కొంగలు మూడు నిలబడి ఉన్నాయి, అతను అవేవీ పట్టించుకోవడం లేదన్నాను. నా పక్క సీటు ఖాళీగా ఉంది, అక్కడ ఎండ పడుతోందన్నాను. యేసుబాబు గొంతు ఇంకా దగ్గరగా వినిపించింది. సార్, వాళ్ళు గొడవ పడుతున్నారు సార్.

"ఉండనీవయ్యా, వస్తా" అన్నారాయన అటు తిరిగి. తరవాత నాతో, "ఊఁ, చెప్పు" అన్నారు.

ముప్పై ఆరేళ్ళలో ఆయన యార్డులో వరస ఆపింది లేదు. పడవ ద్వీపానికి చేరింది, అందరూ దిగిపోతున్నారు. దిగాలమ్మా అని పడవవాడు అన్నాడు. ఒక్క నిమిషం ఆగమని వాడికి చెయ్యి చూపించి, నేను చెబుతూనే ఉన్నాను. అక్కడ ట్రాక్టర్లు ఆగే ఉన్నాయి.